ప్రొమాయా, పావురాలు, పైకప్పు మీద పళ్ళెం

మళ్ళీ దిగిపోయాయి.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ దున్యాకి ముందు రెక్కల చప్పుడు వినిపించింది. వెంటనే మామగారి తిట్లు వినిపించాయి. పావురాలు ఒకదాని వెనక ఒకటి పెంకుల మీద వాలి, నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. చర్చిలో మధ్యాహ్నం గంట ఇంకా కొట్టనే లేదు.

పొద్దున్న వదిలితే సూర్యుడు తీసా నది వైపు వాలేదాకా ఆకాశంలో ఆవగింజల్లా ఉండిపోయే జాతి అది. రదిసావ్ పావురాలంటే సెర్బియాలోని బానాత్ మైదానమంతా పేరు. ఈ వసంతం వచ్చాక ఆ పేరు కాస్తా నవ్వులపాలైంది. ఈస్టర్ తర్వాత జరిగిన మొదటి పోటీలో ఊరంతటికీ ముందు దిగినవి ఆయన పావురాలే.

రదిసావ్ పెరట్లో గడ్డి చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆకాశంలో పావురాల్ని చూడాలంటే అందరూ అలాగే పడుకుంటారు. ఆయనైతే నడుము పట్టేసి ఎలాగూ లేవలేడు కూడా. పడుకునే వేలెత్తి చూపించాడు. పావురాలకేసి కాదు, పొగగొట్టం పక్కన తెల్లగా మెరుస్తున్న యాంటెన్నాకేసి.

"అదిగో, ఆ పళ్ళెం! ఈస్టర్ ముందు దాన్ని పెట్టించావు. ఈస్టర్ దాటింది, నా పావురాలు ఎగరడం మానేశాయి. ఇంకేం సాక్ష్యం కావాలమ్మాయ్?"

"మావయ్యా, అది ఇంటర్నెట్ యాంటెన్నా. తుపాకీ కాదు."

"తుపాకీ అయినా బాగుండును. చప్పుడైనా వినిపించేది!"

వీధి వైపు కంచె అవతల నుంచి ఒక టోపీ, దాని కింద ఒక మీసం పైకి లేచాయి. మిలోరద్. రదిసావ్ భార్యకి తమ్ముడు, పావురాల సంఘానికి అధ్యక్షుడు, పోటీల్లో రదిసావ్‌కి బద్ధశత్రువు. మూడూ ఒకడే.

"నేను ముందే చెప్పా బావా," అన్నాడు మిలోరద్ ఆనందం దాచుకోకుండా. "ఆ తరంగాలు పిట్ట బుర్రలో ఉండే దిక్సూచిని గిర్రున తిప్పేస్తాయట. పేపర్లో చదివా."

"ఏ పేపర్లో చిన మావయ్యా?" అంది దున్యా.

"చేప చుట్టిచ్చిన పేపర్లో. తారీఖు దగ్గర చిరిగిపోయింది గానీ విషయం మాత్రం గట్టిదే."

రదిసావ్ మోచేతి మీద కాస్త లేచాడు. ముఖం ముడుచుకుపోయింది. తీర్పు అక్కడికక్కడే చెప్పేశాడు.

"వేసవిలో పెత్రోవ్‌దాన్ పండగ పోటీ దాకా ఆగుతా. ఆ రోజు కూడా మధ్యాహ్నం గంటకి ముందే దిగాయా, మర్నాడు పొద్దున్నకి ఆ పళ్ళెం నేలమీద ఉండాలి. అంతే!"

దున్యా కూడా పళ్ళెంకేసి చూసింది. ఆ ఊరికి ఇంటర్నెట్ తీగ లేదు. పట్నంలో సంగీత పాఠశాల మూతపడ్డాక ఆమె చేతిలో మిగిలింది అకార్డియన్ ఒక్కటే. వియన్నాలో, మాల్మోలో, జ్యూరిచ్‌లో పుట్టి పెరుగుతున్న సెర్బియా పిల్లలకి కంప్యూటర్‌లో పాఠాలు చెప్పుకుంటోంది. "అకార్డియన్ కంప్యూటర్‌లో నేర్పడమేంటి? ఉత్తరాల్లో ఈత నేర్పినట్టుంది," అని మొదట్లో మామగారు వెక్కిరించాడు. ఇప్పుడు ఆ పిల్లలు పెళ్ళిళ్ళలో కోలో నాట్యానికి వాయిస్తున్నారు. పళ్ళెం దిగితే పాఠాలు లేవు. పాఠాలు లేకపోతే ఏ కొట్లోనో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమే.

భర్త ఒగ్న్యెన్ డాన్యూబ్ మీద సరుకు పడవ నడుపుతాడు. ఫోన్ చేస్తే విషయమంతా విని నిట్టూర్చాడు.

"దున్యా, నాన్నకి పావురాలంటే ప్రాణం. నువ్వంటే ఇష్టం. ఆ రెంటి మధ్యా నన్ను నిలబెట్టకు, పుణ్యముంటుంది."

సరే. అయితే దోషిని తానే పట్టుకోవాలి.

*

మొదట అనుమానితుణ్ణే పరీక్షించింది.

ఒకరోజు పాఠాలన్నీ మానుకుని యాంటెన్నా తీగ పీకేసింది. పీకిన తీగని తెచ్చి మామగారి కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఇవాళ పళ్ళెం చచ్చిపోయింది మావయ్యా. పావురాల్ని వదలండి."

వదిలాడు. గూటి తలుపుకి కట్టిన తాడు కిందనుంచే లాగితే చాలు. పావురాలు లేచాయి, తిరిగాయి, నిన్నటికన్నా ముందే దిగాయి.

రదిసావ్ ఓడిపోయే రకం కాదు.

"వాసన పోవడానికి టైము పడుతుంది," అన్నాడు చివరికి.

"దేని వాసన?"

"తరంగాలది! వెల్లుల్లి కోసిన కత్తిని కడిగితే మాత్రం వాసన పోతుందేంటి?"

దున్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ రోజు ఒక విషయం గమనించింది. దిక్సూచి చెడిపోయిన పావురం దారి తప్పాలి. ఇవేమో తిన్నగా తమ పెంకుల మీదికే వస్తున్నాయి. ఒక్కటీ తప్పిపోలేదు. వాలాక నోరు తెరిచి, మెడ సాగదీసి, గొంతులో సన్నగా ఈల వేస్తున్నాయి. ఆ ఈల ఆమె చెవికి కొత్త కాదు. చిల్లు పడ్డ అకార్డియన్ తిత్తి సరిగ్గా అలాగే ఏడుస్తుంది.

వీటికి దారి తెలియక కాదు. ఊపిరి చాలక.

మరి ఊరి అవతల మిలోరద్ పావురాలకి ఊపిరి ఎక్కడిది?

మర్నాడు చీజ్ పొరల రొట్టె ఒక పళ్ళెంలో పెట్టుకుని, చెప్పకుండా మిలోరద్ ఇంటికి వెళ్ళింది. పెరటి గేటు తోసుకుని లోపలికి అడుగుపెట్టి, అలవాటుగా పైకప్పుకేసి చూసింది. చూసి ఆగిపోయింది.

పొగగొట్టం వెనక, ఇటుక రంగు పూసిన ఒక గుండ్రటి వస్తువు. తన ఇంటి మీదున్న దానికన్నా రెండింతలుంది.

"చిన మావయ్యా! అదేంటి?"

బావి దగ్గర ముఖం కడుక్కుంటున్న మిలోరద్ సబ్బు నురగతోనే తిరిగాడు. "ఏది? అదా? అది... గిన్నె. ఆరబెట్టా."

"పొగగొట్టానికి బోల్టులు బిగించి ఆరబెట్టారా?"

మిలోరద్ చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఫుట్‌బాల్ కోసమమ్మా. ఒంటరి మనిషిని, పెళ్ళాం వదిలేసి వెళ్ళింది, ఫుట్‌బాల్ కూడా వదిలేయమంటావా? సంఘానికి తెలిస్తే నా పరువు పోతుంది. నీకు దణ్ణం పెడతా, బావకి చెప్పకు."

"అంత పెద్ద పళ్ళెం కింద మీ పావురాలు ఎలా ఎగురుతున్నాయి?"

"అదే నాకూ అంతుపట్టదు," అన్నాడు నిజాయితీగా. "నాది ఇన్‌కమింగ్ మాత్రమే, అందుకేమో."

"ఒక్కసారి మీ గూడు చూడనివ్వండి. నోరు విప్పను."

మిలోరద్ గూడు అటక మీద నది వైపు ఉంది. లోపలికి తల పెట్టగానే దున్యా జుట్టు ఎగిరి ముఖం మీద పడింది. నది వైపు గోడంతా సందులు సందులుగా చెక్క పట్టీలే. ఇటు నుంచి వచ్చిన గాలి అటు నుంచి పోతోంది. పావురాలు హాయిగా కళ్ళు మూసుకుని కూర్చున్నాయి.

"ఇక్కడ ఇంత ప్రొమాయా ఉందేంటి?" అంది.

ప్రొమాయా అంటే ఆ దేశంలో దొంగకన్నా భయం. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిస్తే మధ్యలోంచి దూసుకుపోయే గాలి. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, చెవిలో పోటొచ్చినా అందరూ వేలెత్తి చూపించేది దాన్నే. మండు వేసవిలో బస్సులో చెమటకి తడిసి ముద్దయినా సరే, రెండో కిటికీ తెరిచినవాణ్ణి ఊరు క్షమించదు.

మిలోరద్ నవ్వాడు. "ప్రొమాయానా? ఉంటే ఉంది. మూయడానికి మా అక్క ఇక్కడికి రాదుగా."

దున్యా ఆ మాటని లోలోపల మళ్ళీ పలికి చూసుకుంది.

మూయడానికి మా అక్క ఇక్కడికి రాదుగా.

"రొట్టె తినండి చిన మావయ్యా," అని పళ్ళెం అతని చేతిలో పెట్టి, దాదాపు పరుగెత్తుకుంటూ బయటపడింది.

*

ఇంటి గూట్లోకి దున్యా ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళకూడదు కూడా. పావురాలు మనిషిని బట్టతో గుర్తుపడతాయని, రదిసావ్ నీలం కోటు తొడుక్కున్నవాళ్ళు తప్ప ఎవరూ గూట్లో అడుగు పెట్టకూడదని ఆ ఇంటి నియమం. ఈస్టర్ ముందు ఆయన నడుము పట్టేసిన దగ్గర్నుంచి ఆ కోటు అత్తగారు దరింకా తొడుక్కుని నిచ్చెన ఎక్కి మేత పెడుతోంది. రదిసావ్ కింద నుంచి తాడు లాగడమే గానీ, పైకి ఎక్కింది లేదు.

దరింకా సంతకి వెళ్ళేదాకా ఆగింది. మేకుకి వేలాడుతున్న నీలం కోటు తీసి తొడుక్కుంది. నిచ్చెన ఒక్కో మెట్టుకీ మూలిగింది. కింద పెరట్లో మామగారు గురక పెడుతున్నాడు.

అటక తలుపు తోసింది.

వేడి ముఖం మీద తడి గుడ్డతో కొట్టినట్టు తగిలింది. ఆ వెంటనే ఘాటు. కళ్ళు మండి నీళ్ళు కారాయి. చీకట్లో ఎక్కడో ఒక పావురం తుమ్మింది. ఇంకొకటి సన్నగా ఈల వేసింది. గాలి అన్నది లేదు. గోడకున్న గాలి కంతల కోసం తడిమింది. చేతికి మెత్తగా ఏదో తగిలింది.

దిండు.

పక్క కంతలో ఇంకో దిండు. చివర చిన్న కిటికీలో రెండు కలిపి కుక్కిన దిండ్లు, సందుల్లో పాత సాక్సులు. అన్నిటి మీదా ఎర్ర గులాబీల అల్లిక. ఆ అల్లిక ఎవరిదో ఇంట్లో ఎవరినీ అడగనక్కర్లేదు.

దోషి దొరికింది. దున్యా ఒక దిండు బయటికి లాగింది.

"పైన ఎవరది?"

నిచ్చెన కింద దరింకా గొంతు. ఆ వెనకే ఆమె తలగుడ్డ అటక తలుపులోంచి పైకి లేచింది. చేతిలో సంత సంచి, అందులోంచి బఠాణీ కాయలు తొంగి చూస్తున్నాయి. కోడలి చేతిలో దిండు చూసి ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఓసి పిల్లా! పెట్టెయ్! పెట్టెయ్ ముందు! పిట్టల్ని చంపుతావా?"

"అత్తయ్యా, ఇవి ఎప్పుడు పెట్టారు?"

"నీ పళ్ళెం పెట్టడానికి వచ్చాడే, ఆ కుర్రాడు. తీగ లాగాలని ఆ చివర కిటికీ బార్లా తెరిచాడు. నేను వెనకాలే ఉన్నా. ఈ పక్కనుంచి ఆ పక్కకి కొట్టింది చూడు ప్రొమాయా, మర్నాటికల్లా నా మెడ కొయ్యబారిపోయింది. నా మెడే అలా అయితే, గుప్పెడంత పిట్టలు, వాటి మెడలెంత? అందుకే అన్నీ మూసేశా."

"మావయ్యకి చెప్పారా?"

"కిటికీ మూసినా చెప్పాలా ఏంటి?"

దున్యాకి నవ్వొచ్చింది. మామగారు చెప్పినదాంట్లో సగం నిజం. పళ్ళెం వచ్చిన రోజే పావురాలకి కష్టం మొదలైంది. కాకపోతే ఆ పళ్ళెం చేసిన పాపమల్లా ఒక కిటికీ తెరిపించడం.

ప్రొమాయా ఏమీ చెయ్యదని ఇప్పుడు చెబితే? భూమి బల్లపరుపుగా ఉందన్నా ఈవిడ కాస్త ఆలోచిస్తుందేమో గానీ, దీన్ని మాత్రం వినదు. వాదన దండగ.

"సరే అత్తయ్యా. మీ ఇష్టం. ఆ బఠాణీలు ఇక్కడే ఒలిచేద్దాం రండి."

"ఇక్కడా?"

"పావురాలకి మంచిదైన చోటు మనకి మంచిది కాదా? తలుపు మూసెయ్యండి. ప్రొమాయా వస్తుంది."

దరింకా అనుమానంగా చూసింది. కానీ కోడలి ముందు వెనక్కి తగ్గితే ఎలా? తలుపు మూసి, బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. ఇద్దరూ ఒలవడం మొదలుపెట్టారు. కాసేపటికి దరింకా తలగుడ్డ వదులు చేసుకుంది. ఇంకాసేపటికి తీసేసింది. చెమట ముక్కు మీంచి బఠాణీల్లోకి కారుతోంది. ఒక పావురం గట్టిగా తుమ్మింది.

"చూశావా!" అంది దరింకా విజయంతో. "జలుబు! ప్రొమాయా అంటే అంతే!"

"సూది దూరే సందు కూడా లేదు కదా అత్తయ్యా. ఎటునుంచి వచ్చింది?"

దరింకా బఠాణీ కాయని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఆమే తుమ్మింది. ఒకటి, దాని వెనక ఇంకొకటి. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటే ఇంకా మండాయి.

"ఈ పెంట ఘాటు..." అంది గొంతు పూడుకుపోయి.

"మనం ఇప్పుడే వచ్చాం. అవి రోజంతా ఇక్కడే ఉంటాయి. ఊపిరి తిత్తి నిండా ఇదే. దీంతో ఆకాశం ఎక్కమంటే ఎక్కడ ఎక్కుతాయి?"

దరింకా లేచింది. బఠాణీలు నేలంతా దొర్లాయి. ముందు తలగుడ్డ మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని బిగించింది. ఆ తర్వాత శత్రువు గడ్డం పట్టుకున్నట్టు దిండు చెవులు పట్టుకుని లాగింది. ఒకటి. ఇంకొకటి. చివర కిటికీలో సాక్సులు కూడా.

తీసా నది మీంచి గాలి లోపలికి దూకింది.

పావురాలన్నీ ఒక్కసారి గాలికెదురుగా తిరిగాయి. మెడలు చాచాయి. ఒక ముసలి మగ పావురం రెక్కలు విప్పి, కాళ్ళ మీద ఊగుతూ, ఎండలో బట్టలా అలాగే నిలబడిపోయింది. గూడంతా గురగురమని ఒకటే మోత.

దరింకా మెడ గట్టిగా పట్టుకుని గోడకి నక్కి చూస్తోంది. కళ్ళలో నీళ్ళు ఇంకా కారుతున్నాయి. అది ఘాటుకి కాదు.

"బంగారుకొండలు. ఇన్నాళ్ళూ మీ గొంతు నేనే నొక్కానా?" అంది. వెంటనే తేరుకుని కోడలికేసి వేలు చూపించింది. "అయినా విను. వాటికి ఈకలున్నాయి. పుట్టుకతోనే శాలువా కప్పుకొచ్చాయి కాబట్టి సరిపోయింది. మనుషులకి మాత్రం ప్రొమాయా ప్రొమాయానే!"

"మీరెలా అంటే అలాగే."

"ఆయనకి చెప్పకు. పోటీ అయ్యేదాకా నోరు మెదపకు. తెలిస్తే నన్నూ ఆ చాప మీద పక్కన పడుకోబెట్టి రోజంతా తిడతాడు."

దున్యా తలూపింది. ఊపాక గానీ ఆలోచన రాలేదు. ఇప్పుడే చెప్పేస్తే యాంటెన్నా బతికిపోతుంది. చెప్పకుండా ఆగి, పోటీ నాటికి పావురాలు కోలుకోకపోతే? పళ్ళెం పోతుంది, పాఠాలు పోతాయి. కానీ మాటిచ్చేసింది.

ఇద్దరూ కలిసి గూడు గీకి కడిగారు. ఆ తర్వాతి వారాల్లో దున్యా పాఠాలు చెబుతూనే ఒక కన్ను నిచ్చెన మీద వేసి ఉంచింది. అది మంచిదే అయింది. ఒకరోజు హోరున గాలివాన మొదలైతే, దరింకా చంకలో ఏదో దాచుకుని నిచ్చెన వైపు నక్కి నక్కి నడుస్తోంది.

"అత్తయ్యా, చంకలో ఏంటది?"

"దిండు. ఎండలో పెడదామని."

"ఈ వానలోనా?"

"...వాన వెలిశాక ఎండ రాదా ఏంటి?" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది.

*

పెత్రోవ్‌దాన్ ఆదివారం తెల్లారింది. గాలి కదలని మండు వేసవి.

పోటీలో ప్రతి పెరటికీ ఒక న్యాయనిర్ణేత. అన్ని పెరళ్ళలోనూ ఒకేసారి వదులుతారు. గుంపులోంచి మొదటి పావురం వాలిందంటే ఆ గుంపు లెక్క అక్కడితో ముగిసినట్టే. రదిసావ్ పెరటికి పెర్సిదా వచ్చింది. ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసిన మంత్రసాని. మడత కుర్చీ వాల్చుకుని, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, రాకియా సారా గ్లాసు పొట్ట మీద పెట్టుకుంది.

"కానివ్వు రదిసావ్. క్రితంసారి నేను కుర్చీ వాల్చేలోపే దిగిపోయాయి నీవి."

"ఇవాళ చూడు పెర్సిదా," అన్నాడు గానీ గొంతులో బలం లేదు. కోడలికేసి తిరిగాడు. "అమ్మాయ్, ఇవాళ ఒక్కరోజు ఆ పళ్ళెం ఆపు."

దున్యా తల అడ్డంగా ఊపింది. "ఆపను మావయ్యా. ఆపాక అవి ఎగిరితే, ఆపినందుకే ఎగిరాయంటారు. ఆన్‌లో ఉండగా ఎగిరితేనే దాని మీద మచ్చ పోతుంది. మాల్మో పిల్లకి పాఠం ఉంది, వెళ్తున్నా."

"పుట్టేటప్పుడు నిన్ను పట్టుకుని లాగింది నేనే దున్యా," అంది పెర్సిదా టోపీ కిందనుంచి. "అప్పుడూ ఇంతే మొండి. కాళ్ళు ముందు పెట్టావ్."

రదిసావ్ పళ్ళు కొరుక్కుని తాడు లాగాడు.

రెక్కలు పటపటలాడాయి. పావురాలు పెరటి మీద ఒక చుట్టు, పొగగొట్టం మీద ఇంకో చుట్టు, తెల్ల యాంటెన్నాని ఒరుసుకుంటూ మరో చుట్టు తిరిగి పైకి లేచాయి. గుప్పెడు గవ్వలయ్యాయి. గవ్వలు ఆవగింజలయ్యాయి. లోపల దున్యా మాల్మో పిల్లతో కోలో వాయిస్తోంది. వేళ్ళు మీటల మీద ఉన్నాయే గానీ, చెవులు పెంకుల మీదున్నాయి. పిల్ల రెండుసార్లు తప్పు వాయించినా పట్టించుకోలేదు.

పాఠం అయ్యాక బయటికి వచ్చింది. మధ్యాహ్నం కావస్తోంది. దరింకా గుమ్మంలో కూర్చుని, ఎప్పుడో ఒలిచేసిన బఠాణీ తొక్కల్ని మళ్ళీ మళ్ళీ ఒలుస్తోంది.

అప్పుడు ఒక చుక్క విడివడింది.

కిందికి. ఇంకా కిందికి. ముసలి మగ పావురం. రెక్కలు బిగించి పెంకుల మీదికి జారుతోంది. రదిసావ్ కళ్ళు మూసుకున్నాడు. పెర్సిదా టోపీ పైకి నెట్టి కుర్చీలో ముందుకి వంగింది. పావురం పొగగొట్టం దాకా వచ్చింది. కాళ్ళు కిందికి దించింది...

చర్చి గంట ఖంగుమంది.

పావురం ఉలిక్కిపడి కాళ్ళు ముడుచుకుంది. పళ్ళెం అంచు చుట్టూ ఒక గిరికీ కొట్టింది. మళ్ళీ పైకి. ఎంత పైకంటే, వెళ్ళి గుంపులో కలిసిపోయేదాకా దున్యా ఊపిరి పీల్చుకోలేదు.

"వాలలేదు," అంది పెర్సిదా. "కాలు తగల్లేదు. ఉంది ఆట!"

ఎండ మండింది. దాటింది. నీడలు కంచె ఎక్కాయి. సూర్యుడు తీసా వైపు జారుతుండగా గేటు కిర్రుమంది. మిలోరద్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"మావి ఇందాకే దిగాయి బావా. ఊళ్ళో అన్నీ దిగిపోయాయి." ఆకాశంకేసి చూశాడు. ఏమీ కనబడలేదు. "నీవేవి?"

రదిసావ్ వెల్లకిలా పడుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

*

పావురాలు పొద్దు వాలాక నిదానంగా, తమకి నచ్చినప్పుడు దిగాయి. అప్పటికి సంఘం సంఘమంతా పెరట్లో ఉంది. బల్ల మీద చీజ్ రొట్టె, వేయించిన మిరపకాయలు, రాకియా సీసాలు. రదిసావ్ కర్ర ఊతంగా లేచి, గ్లాసు ఎత్తి, పైకప్పుకేసి చూపించాడు.

"ఈ పళ్ళెమే! చూశారుగా ఆ ముసలోడు? దిగబోయి, దాన్ని చుట్టి, మళ్ళీ లేచాడు! తరంగాలు మోశాయి వాణ్ణి! అలవాటు పడటానికే ఇన్నాళ్ళు పట్టింది!"

"పేపర్లో అలాగే రాశారు బావా," అన్నాడు మిలోరద్ తడుముకోకుండా. "నేనే తిరగేసి చదివా. అందుకే నేనూ ఒకటి పెట్టించా. నీదానికన్నా పెద్దది!"

ఎవరో దున్యాని యాంటెన్నా కుర్రాడి ఫోన్ నంబరు అడిగారు. ఇంకెవరో రెండు పెడితే ఇంకా బాగుంటుందా అని అడిగారు. దున్యా లోలోపల లెక్క వేసుకుంది. యాంటెన్నా గెలిచింది. ఉండిపోతుంది. నోరు మూసుకుంటే చాలు. కానీ రేపు ఊరి పైకప్పులన్నీ పళ్ళేలతో నిండిపోతాయి. వాటి కింద ఏ దిండ్లు ఎన్ని గొంతులు నొక్కుతాయో? చెబుదామంటే మాట ఇచ్చింది. అత్తగారికేసి చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

ధబ్బుమని చప్పుడైంది. రొట్టె పళ్ళెం ఎగిరిపడింది. బల్ల మధ్యలో ఎర్ర గులాబీల దిండ్లు, వాటి మీద పాత సాక్సులు.

"పళ్ళెం కాదు, గిళ్ళెం కాదు," అంది దరింకా నడుం మీద చేతులు పెట్టుకుని. "ఇవి! గాలి కంతల్లో నేనే కుక్కా. ప్రొమాయా అని. పిట్టలకి ఊపిరాడలేదు. ఈ పిల్ల కనిపెట్టింది, తీశాం, ఎగిరాయి. నేను చెప్పొద్దన్నానని పాపం తన పళ్ళెం పోతుందని తెలిసి కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు తిట్టుకోండి, ఎవరు తిడతారో!"

రదిసావ్ దిండ్లకేసి చూశాడు, భార్యకేసి చూశాడు. కర్ర పక్కన పెట్టాడు. నిచ్చెన దగ్గరికి నడిచి, "నడుము బావా, నడుము!" అని మిలోరద్ అరుస్తున్నా వినకుండా ఒక్కో మెట్టూ మూలుగుతూ ఎక్కాడు. తల అటకలో మాయమైంది. కాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి.

దిగి వచ్చేసరికి టోపీకి సాలెగూడు వేలాడుతోంది.

"పైన చల్లగా ఉంది," అన్నాడు ఆశ్చర్యంగా. "మన గదికన్నా బాగుంది."

"తిట్టవా?" అంది దరింకా.

"రేపు తిడతా. ఇవాళ గెలిచాం."

దోమలు మొదలయ్యాయి. అందరూ ముందుగదిలోకి చేరారు. ఎప్పటిలాగే ఒక్క కిటికీ కూడా తెరిచి లేదు. ఇంతమంది జనం, వంట వేడి, రాకియా. పెర్సిదా అట్టముక్కతో విసురుకుంటోంది. రదిసావ్ కాలర్ గుండీ విప్పాడు. వీధి వైపు కిటికీ తెరిచాడు. ఎవరూ ఏమీ అనలేదు, ఒకటి తెరవచ్చు. కానీ ఆయన పెరటి వైపు రెండో కిటికీకేసి నడిచాడు.

"బావా, వద్దు!" మిలోరద్ దవడ పట్టుకున్నాడు. "నాకు కొత్తగా పన్ను కట్టారు!"

"పావురాలకి లేని భయం నాకేంటి?"

గడియ తీశాడు. రెక్క తోశాడు.

తెర ఒక్కసారి లేచి పెర్సిదా నెత్తి మీద పడింది. గాలి గదంతా ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తింది. కాగితపు రుమాళ్ళు బల్ల మీంచి ఎగిరాయి. మెడలన్నీ భుజాల్లోకి కుంగిపోయాయి. దరింకా తలగుడ్డ అందుకుంది. ఎవరూ కదల్లేదు.

పెర్సిదా తెర కిందనుంచి గ్లాసు పట్టుకున్న చెయ్యి పైకెత్తింది.

"బతికే ఉన్నాం. పోయండి!"

గదంతా నవ్వింది. దున్యా అకార్డియన్ భుజాలకి తగిలించుకుని తిత్తి బారెడు లాగింది. మిలోరద్ దవడ వదిలి కోలో మొదలుపెట్టాడు. దరింకా తలగుడ్డ చేతిలోనే పట్టుకుని నాట్యం చేసింది, మెడకి కట్టుకోవడం మరిచిపోయి.

మర్నాడు పొద్దున్న దున్యా లేచేసరికి మామగారు పెరట్లో చాప మీద బిగుసుకుపోయి ఉన్నాడు. నడుము కింద గులాబీల దిండు.

"కదల్లేకపోతున్నానమ్మాయ్," అన్నాడు. "రాత్రి ఆ ప్రొమాయా చంపేసింది."

"నిచ్చెన ఎక్కారు కదా మావయ్యా. ఆ పైన అర్ధరాత్రి దాకా కోలో."

రదిసావ్ పైకి చూశాడు. పళ్ళెం అంచు మీద ముసలి పావురం కూర్చుని రెక్క దువ్వుకుంటోంది.

"నిచ్చెనే అయ్యుంటుంది," అన్నాడు. తర్వాత వంటింటికేసి దొంగచూపు చూసి గొంతు తగ్గించాడు. "ప్రొమాయా అన్నానని మీ అత్తయ్యకి చెప్పకు, మళ్ళీ అన్నీ మూసేస్తుంది. రెండు కిటికీలూ తెరిచే ఉంచు. రాత్రి ఇంత బాగా నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో."